షోర్‌లైన్ వీధిలో 1401 నంబరు భవనం

సిలికాన్ వ్యాలీలోని మా ఊరు మౌంటెన్ వ్యూ పాత ఫొటోల్లో ఎటు చూసినా పండ్లతోటలే. ఆప్రికాట్లు, ప్రూన్లు, చెర్రీలు. ఇప్పుడు ఆ తోటలు లేవు. తోటలు పోతే పోయాయి, వాటి తర్వాత వచ్చిన చరిత్రనైనా దాచుకున్నామా అంటే అదీ అంతంత మాత్రమే. 1956లో విలియం షాక్లీ శాన్ ఆంటోనియో రోడ్డులో 391 నంబరు కొట్టంలో ప్రయోగశాల పెట్టాడు. ఈ లోయలో సిలికాన్‌తో పని మొదలైంది అక్కడే. మరుసటి ఏడాదే ఆయనతో పడక ఎనిమిది మంది బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. వాళ్లలో ఇద్దరు, నాయిస్, మూర్, 1968లో ఇంటెల్ స్థాపించారు. ఇంత జరిగిన ఆ కొట్టంలో తర్వాత చాలాకాలం కూరగాయలు, పండ్లు అమ్మారు. చివరికి పడగొట్టేశారు. కొత్త భవనాల ముందు కాలిబాట మీద ట్రాన్సిస్టర్, డయోడ్ ఆకారంలో పెద్ద శిల్పాలు నిలబెట్టారు. చూడడానికి బాగుంటాయి. కానీ నాకు ఆ కొట్టమే కావాలి.

అందుకే మా ఊరి చరిత్ర చూపించమని ఎవరైనా అడిగితే షోర్‌లైన్ బులెవార్డ్‌కు తీసుకెళ్తాను. అక్కడ సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ తనకోసం కట్టుకున్న భవనాన్ని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2002లో కొనుక్కుంది. అంతకుముందు ఆ సేకరణంతా పక్కనే ఉన్న మోఫెట్ ఫీల్డ్‌లో ఉండేది. ఈ భవనం నంబరు 1401. లోపల మళ్లీ ప్రాణం పోసుకున్న ఒక కంప్యూటర్ నంబరూ 1401. కావాలని పెట్టింది కాదు, అలా కుదిరింది.

ఐబీఎం 1401ని 1959 అక్టోబరులో ప్రకటించారు. పుట్టింది ఇక్కడ కాదు, న్యూయార్క్ రాష్ట్రంలోని ఎండికాట్‌లో. దాని నిర్మాణానికి రూపకల్పన చేసింది ఫ్రాన్సిస్ అండర్‌వుడ్. అప్పటిదాకా మామూలు వ్యాపార సంస్థలకు కంప్యూటర్ అందని పండు. 1401 నెల అద్దె 2,500 డాలర్ల నుంచి మొదలైంది. దాంతో బ్యాంకులు, బీమా కంపెనీలు, రైల్వేలు ఎగబడి తీసుకున్నాయి. పది వేలకు పైగా తయారయ్యాయి. 1960ల నడిమికి ప్రపంచంలో ఉన్న కంప్యూటర్లలో దాదాపు సగం ఈ రకానివేనని లెక్క. ఇంతా చేసి 4,000 అక్షరాల జ్ఞాపకశక్తి ఉంటే అప్పటికి మంచి యంత్రమే. మీరు చదువుతున్న ఈ వ్యాసం అందులో పట్టదు.

మ్యూజియంలో మొదట బాగుపడ్డ 1401 జర్మనీలోని హామ్ నుంచి 2004లో వచ్చింది. ఏళ్ల తరబడి గ్యారేజీలో పడి ఉండడంతో తుప్పు పట్టింది. దానికితోడు కరెంటు తిప్పలు. జర్మనీలో మన దేశంలో లాగే 50 హెర్ట్జ్ కరెంటు, అమెరికాలో 60. లోపలి మోటార్లు ఆ లయను బట్టే తిరుగుతాయి కాబట్టి కరెంటును 60 నుంచి 50కి మార్చే పరికరం ముందు సంపాదించాల్సి వచ్చింది. ఈ పనికి నాయకత్వం వహించినది రాబర్ట్ గార్నర్. సన్ కంపెనీలో స్పార్క్ ప్రాసెసర్ రూపకల్పనలో పాలుపంచుకున్న ఇంజనీర్ ఆయన. చుట్టూ చేరినవాళ్లలో చాలామంది ఐబీఎంలో రిటైరైన ఫీల్డ్ ఇంజనీర్లు. 1960ల్లో సూటూ టై వేసుకుని, టూల్ బ్యాగు పట్టుకుని, ఆఫీసు ఆఫీసుకూ తిరిగి ఇవే యంత్రాలు బాగుచేసినవాళ్లు. అందరూ జీతం లేకుండానే వచ్చారు.

ఇన్నేళ్లు కదలకుండా ఉన్న యంత్రానికి నేరుగా స్విచ్ వేస్తే ఉన్నది కూడా కాలిపోతుంది. అందుకని ముందు పవర్ సప్లైలు విడిగా తీసి పరీక్షిస్తారు. పెద్ద కెపాసిటర్లకు వోల్టేజి కొంచెం కొంచెంగా పెంచుతూ మళ్లీ అలవాటు చేస్తారు. తట్టుకోనిదాన్ని మారుస్తారు. ఆ తర్వాత సర్క్యూట్ కార్డులు. పేకముక్క కంటే కాస్త పెద్దగా ఉండే ఒక్కో కార్డు మీద జెర్మేనియం ట్రాన్సిస్టర్లు కొన్ని, రెసిస్టర్లు కొన్ని, అంచున బయటికి కనెక్షనిచ్చే 16 పట్టీలు. అలాంటివి వేలల్లో ఉంటాయి. పట్టీ మీద మసక పేరుకుంటే సిగ్నల్ వెళ్లదు. ట్రాన్సిస్టర్ కాలు లోలోపల తుప్పు పట్టి తెగితే బయటికి తెలియదు. కొన్ని లోపాలైతే యంత్రం వేడెక్కాకగానీ బయటపడవు. ఒకరు పాత సర్క్యూట్ బొమ్మల మీద వేలు పెట్టి చదువుతుంటే ఇంకొకరు ఆసిలోస్కోప్ మొన ఆనించి చూడాలి. ఒక్క చెడ్డ ట్రాన్సిస్టర్ దొరకడానికి రోజులు పట్టిన సందర్భాలున్నాయి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం కార్డ్ రీడర్, 1402. నిమిషానికి 800 పంచ్ కార్డులు మింగుతుంది. కార్డులో 80 నిలువు వరుసలు, రీడర్‌లో వాటికి ఎదురుగా 80 సన్నని తీగ బ్రష్‌లు. కార్డు కింద లోహపు రోలర్ తిరుగుతుంటుంది. రంధ్రం వచ్చినచోట బ్రష్ అందులోంచి దూరి రోలర్‌ను తాకుతుంది, కరెంటు పారుతుంది. చదవడమంటే ఇంతే. ప్రతి కార్డూ రెండు జతల బ్రష్‌ల కింద నుంచి పోతుంది. మొదటి జత లెక్కకూ రెండో జత లెక్కకూ తేడా వస్తే యంత్రం ఆగిపోతుంది. ఒక బ్రష్ వంగినా, రబ్బరు రోలర్ జిగురెక్కినా కార్డులు నలిగి ఇరుక్కుంటాయి. ఏ రోలర్ ఎంత బిగించాలో మాన్యువల్ చెబుతుంది. బిగించాక చప్పుడు సరిగ్గా ఉందో లేదో చెవే చెప్పాలి. ఆ చెవి వెనకటి ఇంజనీర్లది. వాళ్ల పక్కన నిలబడి నేర్చుకుంటేగానీ అది రాదు.

2008లో రెండో 1401 వచ్చింది, కనెటికట్ రాష్ట్రంలోని డేరియన్ నుంచి. ఒక ఇంటి నేలమాళిగలో, కుటుంబ వ్యాపారం లెక్కల కోసం అది 1990ల దాకా పనిచేసింది. ఇప్పుడు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మొరాయిస్తే దాని సర్క్యూట్ కార్డు తీసి రెండోదాంట్లో పెట్టి చూడొచ్చు. బాగుచేసేవాళ్లకు ఇంతకంటే వరం ఉండదు. 2015లో కెన్ షిరిఫ్ అనే ఆయన వీటిలో ఒకదాని మీద మాండెల్‌బ్రాట్ అనే గణిత చిత్రాన్ని గీయించాడు. 12 నిమిషాలు పట్టింది. నిమిషానికి 600 వరుసలు అచ్చువేసే 1403 ప్రింటర్ దాన్ని కాగితం మీదికి ఎక్కించింది.

ఇదే మ్యూజియంలో డెక్ కంపెనీ పీడీపీ-1 కూడా నడుస్తుంది. మొత్తం 53 మాత్రమే తయారయ్యాయి. 1962 నాటి స్పేస్‌వార్ ఆటను దాని గుండ్రటి తెర మీద ఆడించి చూపిస్తారు. ఆ ఆట రాసిన స్టీవ్ రసెల్ కూడా అలా చూపించినవాళ్లలో ఉన్నారు.

పాత యంత్రాన్ని నడపకూడదనే వాదన ఒకటుంది. నడిపితే అరుగుతుంది, భాగాలు మారిస్తే అసలుతనం పోతుంది అంటారు. లోకంలో ఒక్కటే మిగిలిన యంత్రం విషయంలో ఆ మాట సబబే, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. 1401 అలాంటిది కాదు. పైగా పద్ధతిగా చేసేవాళ్లు తీసిన భాగాన్ని పారేయరు, ఏది ఎప్పుడు ఎందుకు మార్చారో రాసిపెడతారు. ఆపేసిన 1401 నాలుగు ఇనప బీరువాలు. నడుస్తున్నప్పుడే అది ఆ కాలపు ఆఫీసు. ఆ వేడి, ఆ మోత, కార్డుల దొంతర చేతిలోంచి జారిపడితే ఆపరేటర్ గుండె జారడం, అన్నీ అప్పుడే అర్థమవుతాయి. జట్టులో మొదట్లో ఉన్నవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ల దగ్గర కుర్రవాళ్లు నేర్చుకుంటున్నారు కాబట్టే యంత్రం ఇంకా తిరుగుతోంది.

ఈ యంత్రాలతో మనకూ చుట్టరికం ఉంది. భారతీయ రైల్వేలు 1401ల మీద లెక్కలు నడిపాయి. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక దాని యంత్రాల నిర్వహణ ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేతికి వచ్చింది. విడిభాగాలు దొరకని రోజుల్లో వాటిని నెట్టుకొచ్చిన ఇంజనీర్లది చిన్న ఘనత కాదు. డాక్టర్ ఎ.ఎస్. రావు నాయకత్వాన 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ టీడీసీ-12తో సొంత కంప్యూటర్లే తయారుచేసింది. ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు మన ఇళ్లలో తాతయ్యలుగా, పెదనాన్నలుగా ఉన్నారు. వాళ్ల అటక మీద సర్క్యూట్ బొమ్మలు, మాన్యువళ్లు, పంచ్ కార్డులు, ఒకటో రెండో బోర్డులు ఉండే అవకాశం ఉంది. దయచేసి వాటిని పాత పేపర్లవాడికి తూకానికి వేయకండి. ఆ పెద్దల్ని కూర్చోబెట్టి, ఏ యంత్రం ఎలా మొరాయించేదో, ఎలా దారికి తెచ్చేవారో అడిగి రికార్డు చేయండి. రేపు హైదరాబాద్‌లో ఎవరైనా ఒక టీడీసీని మళ్లీ నడిపించాలని పూనుకుంటే ముందు కావలసింది అదే.