హోండా గోల్డ్ వింగ్

హోండా గోల్డ్ వింగ్ జపాన్ దేశానికి చెందిన హోండా సంస్థ తయారుచేస్తున్న ఒక పెద్ద మోటారు సైకిలు. దూరప్రయాణములకు ఉద్దేశించిన ఈ తరగతి వాహనములను టూరింగ్ మోటారు సైకిళ్ళు అంటారు. గోల్డ్ వింగ్ అనగా బంగారు రెక్క అని అర్థము. 1974లో జర్మనీ దేశములోని కొలోన్ నగరములో జరిగిన మోటారు సైకిళ్ళ ప్రదర్శనలో దీనిని మొదటిసారి ప్రజల ముందు ఉంచారు. 1975 నుండి అమ్మకము మొదలైనది. 2025లో దీని 50 ఏళ్ళ సందర్భమున ప్రత్యేక నమూనా కూడా వెలువడినది.

అర్ధ శతాబ్దములో ఈ వాహనము పొందిన మార్పులలో చాలా వాటికి దానిని నడిపినవారి అనుభవములే కారణము. అందువలన యజమానుల అభిప్రాయములు తెలుసుకోకుండా దీని చరిత్రను అర్థము చేసుకొనుట కష్టము.

పుట్టుక

1972లో షోయిచిరో ఇరిమజిరి నాయకత్వములో హోండా ఇంజనీర్లు ఆరు సిలిండర్లు గల 1470 సి.సి. ప్రయోగాత్మక వాహనమును తయారు చేశారు. అది అమ్మకానికి రాలేదు. ఆ తరువాత తోషియో నోజుయే ఆధ్వర్యములో నాలుగు సిలిండర్లు, 999 సి.సి. సామర్థ్యము గల జి.ఎల్.1000 రూపొందినది. 

మొదటి గోల్డ్ వింగ్‌కు ముందు గాలిని ఆపే తొడుగు గాని, సామాను పెట్టెలు గాని లేవు. అమెరికాలోని యజమానులు వాటిని బయట కొని తామే బిగించుకున్నారు. క్రెయిగ్ వెట్టర్ రూపొందించిన విండ్‌జామర్ అనే తొడుగు వీటిలో ప్రసిద్ధమైనది. కొన్నవారు దీనిని ఏ పనికి వాడుతున్నారో గమనించిన హోండా, 1980లో తొడుగును, పెట్టెలను కర్మాగారములోనే అమర్చి ఇంటర్‌స్టేట్ అనే నమూనాను విడుదల చేసినది. అదే సంవత్సరము అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో, మేరీస్‌విల్ పట్టణము వద్ద గోల్డ్ వింగ్ ఉత్పత్తి ఆరంభమైనది. 2009లో అక్కడ ఉత్పత్తి నిలిచిపోగా, తరువాత జపాన్‌లోని కుమమోటో కర్మాగారమునకు మారినది.

నిర్మాణము

సాధారణ మోటారు సైకిలులో సిలిండర్లు నిలువుగా గాని, కొద్దిగా వాలుగా గాని ఉంటాయి. గోల్డ్ వింగ్‌లో అవి రెండు వైపులా నేలకు సమాంతరముగా, ఎదురెదురుగా పడుకొని ఉంటాయి. దీనివలన రెండు లాభములు ఉన్నవి. ఎదురెదురు పిస్టన్ల కదలికలు ఒకదానినొకటి సరిచేయుట వలన కుదుపు తగ్గుతుంది. బరువులో పెద్ద భాగము నేలకు దగ్గరగా ఉండుట వలన గరిమనాభి కిందికి దిగుతుంది. మొదటి నమూనాలో ఇంధనపు ట్యాంకును కూడా సీటు కిందనే అమర్చారు. సాధారణముగా ట్యాంకు ఉండే చోట విద్యుత్ పరికరములు ఉంచారు.

ఇంజను చల్లబడుటకు నీటిని, రేడియేటరును వాడతారు. వెనుక చక్రమునకు శక్తి గొలుసు ద్వారా కాక ఇరుసు కడ్డీ ద్వారా చేరుతుంది. గొలుసు బిగించుట, నూనె రాయుట వంటి పనులు లేకపోవుట దూరప్రయాణీకులకు పెద్ద ఊరట.

ముఖ్య నమూనాలు

* జి.ఎల్.1000 (1975–1979): 999 సి.సి., 4 సిలిండర్లు.
* జి.ఎల్.1100 (1980–1983): 1085 సి.సి. గాలి ఒత్తిడితో పనిచేసే సస్పెన్షన్. 1982లో ఆస్పెన్‌కేడ్ అనే విలాసవంతమైన రకము వచ్చినది.
* జి.ఎల్.1200 (1984–1987): 1182 సి.సి. 4 సిలిండర్ల గోల్డ్ వింగ్‌లలో చివరిది.
* జి.ఎల్.1500 (1988–2000): 1520 సి.సి., 6 సిలిండర్లు. స్టార్టర్ మోటారు సాయముతో వెనుకకు నడిచే రివర్స్ సౌకర్యము.
* జి.ఎల్.1800 (2001–2017): 1832 సి.సి. అల్యూమినియము చట్రము. 2006లో దీనికి ఎయిర్ బ్యాగ్ అమర్చారు. ఉత్పత్తిలో ఉన్న మోటారు సైకిలుకు ఎయిర్ బ్యాగ్ రావడము ప్రపంచములో అదే ప్రథమము.
* కొత్త జి.ఎల్.1800 (2018 నుండి): 1833 సి.సి. ముందు చక్రమునకు రెండు విష్‌బోన్‌ల సస్పెన్షన్. 7 గేర్ల స్వయంచాలిత డి.సి.టి. విధానము ఐచ్ఛికము.

యజమానుల అభిప్రాయములు

సౌకర్యము

యజమానులు అందరికంటే ముందు మెచ్చుకొనేది ఇంజను నెమ్మదితనము. ఆరు సిలిండర్ల నమూనాలలో చేతులకు తిమ్మిరి రాదని, రోజుకు 700, 800 కిలోమీటర్లు నడిపినా మరునాడు మళ్ళీ బయలుదేరగలుగుతున్నామని వారు చెబుతారు. తక్కువ వేగములో కూడా పై గేరులో సాఫీగా లాగుట రెండవ గుణము. హార్లే డేవిడ్‌సన్ ఎలెక్ట్రా గ్లైడ్ అభిమానులు మాత్రము ఈ నిశ్శబ్దమునే లోపముగా ఎంచుతారు. వారికి ఇంజను చప్పుడు, కదలిక ప్రయాణములో భాగము.

వెనుక కూర్చొనేవారి మాటకు ఈ వాహనము విషయములో ప్రత్యేకమైన విలువ ఉన్నది. వీపుకు ఆనుకొనే దిండు, వెడల్పైన సీటు ఉండుట వలన దంపతులు కలిసి వారముల తరబడి ప్రయాణించుటకు దీనిని ఎంచుకొంటారు. తాను మరొక బండి కొనాలనుకొన్నా భార్య ఒప్పుకోలేదని చెప్పే యజమానులు తక్కువేమీ కాదు.

బరువు

ఫిర్యాదులలో మొదటిది బరువు. తొలి నమూనా ఇంధనముతో కలిపి సుమారు 290 కిలోలు ఉండగా, 2017 నాటికి ఇది 400 కిలోలు దాటినది. మన దేశములో సాధారణముగా కనిపించే 100 సి.సి. బండ్లు నాలుగు కలిస్తే దాదాపు ఇంత బరువు అవుతుంది.

బండి కదలడము మొదలుపెట్టగానే బరువు మాయమవుతుందని యజమానులు అంటారు. గరిమనాభి కిందికి ఉండుటయే ఇందుకు కారణము. కాని నిలిపేటప్పుడు, ఇసుక లేదా కంకరపై తిరిగేటప్పుడు, ఏటవాలు నేలపై వెనుకకు నెట్టేటప్పుడు ఆ బరువు తిరిగి వస్తుంది. హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టుట, వాలు ఉన్న వైపు కాలు పెట్టుట అనేవి నిలిచిన బండి పడిపోవుటకు తరచు కారణములు. పడుతున్న బండిని ఒంటి కాలితో ఆపబోయి గాయపడుట కంటే వదిలివేయుట మేలని అనుభవజ్ఞుల సలహా. బండి పక్కన ఉన్న రక్షణ కడ్డీలు దానిని పూర్తిగా పడుకోనీయవు. పడిన బండికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, కాళ్ళ బలముతో వెనుకకు నడుస్తూ లేపవలెను. నడుము వంచి లేపరాదు.

మరమ్మత్తులు

మన్నికలో గోల్డ్ వింగ్‌కు మంచి పేరున్నది. అయినను పాత నమూనాలు కొనేవారు గమనించవలసిన విషయములు కొన్ని ఉన్నవి. నాలుగు సిలిండర్ల బండ్లలో విద్యుత్తును ఉత్పత్తి చేసే స్టేటర్ పాడైతే, దానిని మార్చుటకు ఇంజనును చట్రము నుండి దించవలసి వస్తుంది. అందుచేత కొందరు యజమానులు బయట వేరొక ఆల్టర్నేటరును అమర్చుకున్నారు. జి.ఎల్.1500 వరకు అన్ని నమూనాలలోను కామ్‌షాఫ్ట్‌లను రబ్బరు బెల్టులు తిప్పుతాయి. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను తాకి ఇంజను దెబ్బతింటుంది. ఎన్నాళ్ళు వాడారో తెలియని పాత బండిని కొన్నవారు ముందుగా బెల్టులు మార్చుట మంచిది. జి.ఎల్.1800లో బెల్టులకు బదులు గొలుసులు వచ్చినవి. అయితే 2001–2017 నమూనాలలో గాలి వడపోత మార్చుట వంటి చిన్న పనికి కూడా పై తొడుగులు చాలా విప్పవలసి ఉంటుందని యజమానులు విసుగుకొంటారు. ఇంధన వినియోగము సాధారణముగా లీటరుకు 15 నుండి 18 కిలోమీటర్లు ఉంటుంది.

2018 మార్పుపై వివాదము

2018లో హోండా బరువును బాగా తగ్గించినది. వెనుక పెట్టె గల టూర్ రకము బరువు 379 కిలోలకు దిగినది. మలుపులలో చురుకుగా ఉన్నదని, బ్రేకు వేసినపుడు ముందు భాగము కుంగుట లేదని చాలామంది సంతోషించారు. అయితే ట్యాంకు 25 లీటర్ల నుండి 21 లీటర్లకు, మొత్తము సామాను చోటు సుమారు 150 లీటర్ల నుండి 110 లీటర్లకు తగ్గినవి. ఇద్దరి సామానుతో తిరిగే పాత యజమానులకు ఇది నచ్చలేదు. కొందరు పాత బండినే ఉంచుకున్నారు. 2021లో హోండా వెనుక పెట్టెను 61 లీటర్లకు పెంచి, వెనుక కూర్చొనేవారి దిండును మరింత వాల్చినది. దీనితో మొత్తము సామాను చోటు 121 లీటర్లు అయినది. 1980లో వలెనే ఇక్కడ కూడా వాడుకదారుల అనుభవము రూపకల్పనను మార్చినది.

వయసు, మూడు చక్రములు

గోల్డ్ వింగ్ యజమానులలో పదవీ విరమణ చేసినవారు ఎక్కువగా కనిపిస్తారు. కాలము, డబ్బు సమకూరే వయసుకు మోకాళ్ళ బలము తగ్గుతుంది. 400 కిలోల బండిని నిలబెట్టలేని రోజు వచ్చినపుడు ఏమి చేయవలెను అన్నది వీరి ముఖ్య సమస్య. కొందరు చిన్న బండికి మారతారు. కొందరు నడుపుట మానివేస్తారు. మరికొందరు వెనుక రెండు చక్రములు అమర్చి ట్రైక్ అనే మూడు చక్రముల బండిగా మార్పిస్తారు. అది పడిపోదు, కాళ్ళు కింద పెట్టనవసరము లేదు. కాని అది మలుపులో వాలదు, హ్యాండిల్‌ను బలముగా తిప్పవలసి వస్తుంది. అందువలన కొత్తగా నేర్చుకొనవలసి ఉంటుంది. మోటారు సైకిలు వాలుటలోని ఆనందము పోయినదని కొందరు, ప్రయాణము మిగిలినది చాలునని కొందరు చెబుతారు.

సంఘములు, ప్రయాణములు

1977లో అమెరికాలోని ఫీనిక్స్ నగరములో గోల్డ్ వింగ్ రోడ్ రైడర్స్ అసోసియేషన్ ఏర్పడినది. వింగ్ డింగ్ అనే వార్షిక సమావేశమును, సురక్షిత చోదక శిక్షణను ఈ సంఘము నిర్వహించేది. 2022లో ఇది మూతపడినది.

అర్జెంటీనాకు చెందిన ఎమిలియో స్కాటో జి.ఎల్.1100పై 1985లో బయలుదేరి, 1995 వరకు ప్రపంచ పర్యటన చేసి సుమారు 7,35,000 కిలోమీటర్లు తిరిగాడు. ఈ ప్రయాణము గిన్నిస్ రికార్డులలో చేరినది.

భారతదేశములో

గోల్డ్ వింగ్ భారతదేశమునకు పూర్తిగా తయారైన వాహనముగా జపాన్ నుండి దిగుమతి అవుతున్నది. 2022లో టూర్ నమూనా షోరూము ధర సుమారు 39 లక్షల రూపాయలు. ధర వలన, బరువు వలన ఇది ఇక్కడ అరుదు. వెడల్పైన జాతీయ రహదారులపై హాయిగా సాగే ఈ బండికి ఎత్తైన స్పీడ్ బ్రేకర్లు, ఇరుకు వీధులు, నగరములలోని రద్దీ ఇబ్బంది కలిగిస్తాయి.

ఇవి కూడా చూడండి

* మోటారు సైకిలు
* అంతర్దహన యంత్రము
* గరిమనాభి
* హోండా