వర్క్‌షాపుకు ఎయిర్ కంప్రెసర్ ఎంపిక

బయటి గాలిని పీల్చి, ఒత్తి, ట్యాంకులో నింపే యంత్రం ఎయిర్ కంప్రెసర్. పంక్చర్ షాపుల్లో దీన్ని గాలి మిషన్ అనే పిలుస్తారు. టైర్లకు గాలి కొట్టడానికి, ఇంపాక్ట్ గన్నుతో బోల్టులు విప్పడానికి, పెయింట్ స్ప్రే చేయడానికి వాడతారు. చిన్న వర్క్‌షాపుల్లో కనిపించేది ఎక్కువగా పిస్టన్ రకం. రోజంతా ఎడతెరిపి లేకుండా గాలి కావలసిన ఫ్యాక్టరీల్లో స్క్రూ రకం ఉంటుంది.

కొనేవారు ముందుగా మోటారు ఎన్ని హెచ్‌పీ, ట్యాంకు ఎన్ని లీటర్లు అని అడుగుతారు. అసలు అడగవలసింది నిమిషానికి ఎంత గాలి ఇస్తుందని. దీన్ని సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులని చెబుతారు. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి సుమారు 28.3 లీటర్లు. కేటలాగులో పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్ అని ఉంటే అది సిలిండరు కొలతలను బట్టి వేసిన లెక్క మాత్రమే. వాల్వుల్లో, రింగుల్లో, వేడిలో పోయేది పోగా గన్ను దాకా వచ్చేది ఫ్రీ ఎయిర్ డెలివరీ. మొదటి అంకె కంటే ఇది పావు వంతో, మూడో వంతో తక్కువగా ఉండడం మామూలే. బేరం ఈ రెండో అంకె మీదే జరగాలి.

ట్యాంకు పెద్దదైతే చాలన్న నమ్మకం పెయింటింగ్ షెడ్డులో నిలవదు. 200 లీటర్ల ట్యాంకులో ఒత్తిడి 8 బార్ల నుంచి 6 బార్లకు దిగేలోపు దక్కే గాలి సుమారు 400 లీటర్లు. స్ప్రే గన్ను 10 సీఎఫ్ఎం తాగేదైతే ఆ గాలి నిమిషంన్నర కూడా రాదు. మిషన్ 5 సీఎఫ్ఎం ఇస్తూ నడుస్తున్నా మూడు నిమిషాల్లోపే ఒత్తిడి పడిపోతుంది, డోరు మీద రంగు సమంగా పడదు. అందుకే ఒకేసారి నడిచే పనిముట్ల అవసరాన్ని కూడి, దానిపై మరో మూడో వంతు కలిపి మిషన్ తీసుకోవాలి. పిస్టన్ మిషన్‌కు మధ్యమధ్య విశ్రాంతి కూడా కావాలి.

కార్లు, బైకుల పనికి 7, 8 బార్ల ఒత్తిడి సరిపోతుంది. లారీ టైర్లకు 100 పీఎస్ఐ పైన కొట్టాలి కాబట్టి 12 బార్ల దాకా ఎక్కే టూ స్టేజ్ మిషన్ మేలు. అవసరం లేని ఒత్తిడికి కరెంటు దండగ. 5 హెచ్‌పీ, ఆపైన త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండాలి.

కోస్తాలో నీటి సంగతి తప్పక చూసుకోవాలి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున 10 సీఎఫ్ఎం గాలిని 7 బార్లకు ఒత్తి చల్లారనిస్తే గంటకు సుమారు మూడో వంతు లీటరు నీరు దిగుతుంది. విశాఖపట్నంలోనో, కాకినాడలోనో వానాకాలంలో ఇది రోజూ ఉండే పరిస్థితే. ఆ నీరు గన్ను దాకా వస్తే పెయింటు బొబ్బలెక్కుతుంది. ట్యాంకు అడుగునే ఉండిపోతే ఇనుము లోపలి నుంచి తుప్పు పట్టి పలచబడి, చివరికి ట్యాంకు పగిలే ప్రమాదముంది. డ్రెయిన్ కాక్ రోజూ తిప్పాలి, గన్నుకు ముందు వాటర్ ట్రాప్ పెట్టాలి. సేఫ్టీ వాల్వు బిగుసుకుపోకుండా చూడాలి, దానికి బదులు బోల్టు బిగించడం ప్రాణాంతకం.

గాలి లైనుకు పీవీసీ గొట్టం వాడకూడదు. ఒత్తిడికి అది ముక్కలై చెల్లాచెదురుగా ఎగురుతుంది. జీఐ పైపునే కొద్దిగా వాలుగా వేసి, ప్రతి కనెక్షన్‌నూ పైభాగం నుంచి తీస్తే లైనులో చేరిన నీరు గన్నులోకి దిగదు.