అటక దిగిన ఉగ్గుగిన్నె

మా చిరాగ్‌పల్లి ఎక్కడుందంటారా? హైదరాబాదు నుంచి బొంబాయి వెళ్ళే రోడ్డు మీద జహీరాబాదు దాటి, ఇక కర్ణాటక వచ్చేస్తోంది అనగా ఉంటుంది. చెక్‌పోస్టు పేరు చెబితే లారీ డ్రైవర్లందరికీ తెలుసు. అంతేసి లారీలను ఆపిన ఊరు, మొన్న నాలుగు నెలల పసిదాని ముందు ఓడిపోయింది.

ఆ పసిది నా మనవరాలు. మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం. కాన్పు సెలవు ఇరవై ఆరు వారాలు. కాన్పుకి ముందే కొన్ని వారాలు కరిగిపోగా, మిగిలినవీ అయిపోవచ్చి ఇంకో పది రోజుల్లో ఆఫీసుకి వెళ్ళాలి. పాలు పిండి సీసాలో పోసి పట్టడం అలవాటు చేద్దామని కూర్చున్నాం. మనవరాలు నోరు బిగించింది. బతిమాలితే నాలికతో పీకను బయటికి తోసింది. పీక మార్చాం, సీసా మార్చాం. మూడు రకాల సీసాలు బల్ల మీద బారులు తీరాయి, పిల్ల మాత్రం ఇంటి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. దాన్ని చూసి దాని తల్లీ ఏడ్చింది. "నేను ఉద్యోగం మానేస్తానమ్మా" అంది.

ఆ మాట వినగానే నా గుండె జారింది. ఎందుకంటే ఈ కథ నాకు కొత్త కాదు.

ముప్ఫయ్యయిదేళ్ళ కిందట నేనూ ఇదే ఇంట్లో, ఇదే అమ్మాయిని ఒళ్ళో పెట్టుకుని సీసాతో కుస్తీ పట్టాను. జహీరాబాదులో టీచరు ఉద్యోగం. మూడు నెలల సెలవు అయిపోయింది. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేసరికి సాయంత్రం. మా ఇంట్లో పనికి వచ్చే అవ్వ గుమ్మంలో నిలబడి నా తంటాలు చూసి నవ్వింది. "టీచరమ్మా, గా రబ్బరు నోట్లె వెడితే పొల్ల ఎట్ల తాగుతది? నువ్వు బైటికి నడువు. నీ వాసనొస్తుంటె అది నీ తానకే వస్తది. ఉగ్గుగిన్నె లేదా మీ ఇంట్ల?"

ఉంది. పుట్టింటి వాళ్ళు పెట్టిన వెండి ఉగ్గుగిన్నె, ముందు చిన్న మూతితో ముద్దుగా ఉండేది. కానీ నేను బి.యెడ్. చదివినదాన్ని కదా! ఉగ్గుగిన్నె పాతకాలపు మోటుతనం, సీసా నాగరికత అని నా నమ్మకం. గిన్నెను గుడ్డలో చుట్టి అటకెక్కించాను. పిల్ల ఆకలికి తాళలేక నాలుగో రోజున సీసా పట్టింది. నేను గెలిచాననుకున్నాను. పాలు పిండి దాచిపెట్టచ్చని నాకెవరూ చెప్పలేదు, అంచేత సీసాలోకి డబ్బా పాలే. డబ్బా నెలాఖరు దాకా రావాలని పొడి ఒక చెంచా తగ్గించి, నీళ్ళు కాస్త పెంచేదాన్ని. రెండు నెలలు తిరక్కుండానే పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో మూడు రాత్రులు దాని మొహం చూస్తూ కూర్చున్నాను. బతికి బట్టకట్టింది. కానీ ఆ మూడు రాత్రుల సంగతి నేనింతవరకు దానికి చెప్పలేదు.

మొన్న రాత్రి నిద్ర పట్టక, అసలీ సీసా లోకంలోకి ఎలా వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నేనొక్కదాన్నే మోసపోలేదని తెలిసింది.

అమెరికాలో పాలపీకకు మొదటి పేటెంటు 1845లో ఎలైజా ప్రాట్ అనే ఆయనకిచ్చారు. రబ్బరు వాసన, రుచి పిల్లలకి నచ్చలేదట. అంటే మన మనవరాళ్ళ సమ్మె ఈనాటిది కాదన్నమాట! ఇంగ్లండులో ఇంకో వింత సీసా వచ్చింది. దానికి పొడుగాటి రబ్బరు గొట్టం. పిల్లని పడుకోబెట్టి గొట్టం నోట్లో పెడితే తనే తాగుతుంది, పట్టుకునే మనిషితో పనిలేదు. ఆ గొట్టం లోపల కడగడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఆ రోజుల్లో ఇల్లాళ్ళకి వేదంలాంటి మిసెస్ బీటన్ పుస్తకం 1861లో అచ్చయింది. సీసాకి కట్టే పీకను పదిహేను రోజులకోసారి మారిస్తే చాలని అందులో ఉంది. అంతటావిడే అలా రాస్తే, మామూలు తల్లుల్ని ఏమనగలం? చివరికి ఫ్రాన్సు 1910లో ఆ గొట్టం సీసాల్ని చట్టం చేసి నిషేధించింది.

ఇక సీసాలోకి పొయ్యడానికి పాలు కావాలి. 1867లో స్విట్జర్లాండులోని వెవే ఊళ్ళో హెన్రీ నెస్లే తన పిల్లల పిండిని అమ్మకానికి పెట్టాడు. ఆ తర్వాత డబ్బాలు సముద్రాలు దాటాయి. 1939లో సింగపూరులో డాక్టర్ సిసిలీ విలియమ్స్ అక్కడి రోటరీ క్లబ్బు పెద్దల ముందు నిలబడి, తల్లిపాలు మాన్పించి డబ్బా పాలు పోయించడాన్ని హత్యతో పోల్చింది. ఆ ప్రసంగం పేరే 'మిల్క్ అండ్ మర్డర్'. ఆవిడ మాట లోకం చెవికెక్కడానికి నలభై ఏళ్ళు పట్టింది. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ డబ్బా పాల ప్రచారానికి కళ్ళెం వేస్తూ నియమావళి చేసింది. అన్ని దేశాల్లో వద్దన్నది ఒక్క అమెరికాయే.

మనకి చట్టం 1992లో వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. డబ్బా పాలకే కాదు, పాల సీసాకి కూడా ప్రకటన వెయ్యకూడదు. అంతకుముందు మన వారపత్రికల్లో బొద్దుగా నవ్వే డబ్బా పాపాయిలు గుర్తున్నారా? నేను వాళ్ళని కత్తిరించి గోడకి అంటించాను కూడా. డబ్బా ఖాళీ అయితే ఆవాలు పోసుకునేవాళ్ళం. ఆ రోజుల్లో వంటింటి అలమరలు చూస్తే చాలు, ఏ ఇంట్లో పసిపిల్ల పెరిగిందో తెలిసిపోయేది.

ఇదంతా చదివాక నా మనసు కొంచెం తేలికపడింది. కానీ మర్నాడు పొద్దున పిల్ల మళ్ళీ ఏడుపు మొదలెట్టింది. చరిత్ర తెలిస్తే పాలు తాగుతుందా? హైదరాబాదు డాక్టరమ్మకి ఫోన్ చేశాం. ఆవిడ అంతా విని, "సీసా కోసం అంత యుద్ధం ఎందుకండీ? చిన్న గిన్నెతో పట్టండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి కూడా మేమలాగే పడతాం. కడగడం తేలిక" అంది.

నేను ఫోన్ పెట్టేసి, స్టూలు వేసుకుని అటకెక్కాను.

నల్లబడ్డ ఉగ్గుగిన్నెను తోమి, నీళ్ళలో మరిగించాను. అవ్వ ఇప్పుడు లేదు. ఉంటే ఎంత నవ్వేదో! అయితే అవ్వ పద్ధతులన్నీ తీసుకోలేదు సుమండీ. ఆమె పిల్లని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి గొంతులోకి పోసేది, పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆముదం కలిపిన ఉగ్గూ వద్దని డాక్టర్ల మాట. పిల్లని కూర్చున్నట్టు ఎత్తిపట్టుకుని, గిన్నె మూతిని కింది పెదవికి ఆనించి, అది నాలికతో అందుకునేదాకా ఆగాలి. మనం పొయ్యకూడదు, అది తాగాలి.

అవ్వ చెప్పిన ఒక్క మాట మాత్రం అక్షరాలా పాటించాం. తల్లిని బయటికి పంపించాం. గిన్నె పట్టింది ఎవరనుకున్నారు? మా ఆయన! తాత ఒళ్ళో తల్లి వాసన ఉండదు కదా. పిల్ల నకనకలాడే ఆకలి మీద ఉన్నప్పుడు కాకుండా, కాస్త ముందే, ఆడుకునే వేళ చూసి మొదలెట్టాం. మొదటి రోజు నాలుగు చుక్కలు లోపలికి, మిగతావి తాతగారి లుంగీ మీదకి. నాలుగో రోజుకి గిన్నె ఖాళీ.

వారం తిరిగాక సీసా కూడా పట్టింది, అదీ తాత చేతిలోనే. పీకను గోరువెచ్చని నీళ్ళలో ముంచి, తల్లిపాల చుక్క రాసి, పెదవి దగ్గర పెట్టి ఊరుకున్నారాయన. నోట్లో కుక్కలేదు. సీసాను నిటారుగా వంచకుండా అడ్డంగా పట్టుకుని, మధ్యమధ్య ఆగారు. ఏడిస్తే మానేసి, గంటాగి మళ్ళీ. పాలు మాత్రం పిండినవే. వాటిని పొయ్యి మీద కాచకూడదు, వేడినీళ్ళ గిన్నెలో ఉంచి వెచ్చబెట్టాలి. బయట నాలుగు గంటలే ఆగుతాయి, మన ఎండల్లో అంతసేపు కూడా నమ్మకూడదు. ఫ్రిజ్ నయం.

హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో తల్లిపాల బ్యాంకు పెట్టారని చదివాను. పేరు 'ధాత్రి'. పూర్వం పరాయి బిడ్డకు పాలిచ్చే తల్లిని ధాత్రి అనేవారు. పాత మాట కొత్త పని అందుకుంది, మా ఉగ్గుగిన్నెలాగే.

అమ్మాయి బయల్దేరే ముందురోజు రాత్రి, ఆ మూడు రాత్రుల సంగతి దానికి చెప్పాను. చెంచా తగ్గించిన సంగతీ చెప్పాను. అది నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీకెవరూ చెప్పలేదు కదమ్మా. నాకు నువ్వున్నావు" అంది.

పొద్దున సామాను సర్దుతుంటే మూడు సీసాల్లో రెండు ఇక్కడే వదిలేసింది. ఉగ్గుగిన్నె మాత్రం అడక్కుండానే సంచీలో పెట్టుకుంది.