నడక బండి: చక్రం నుంచి బ్రేకు దాకా

"చిన్నపిల్లల బండి కొనుక్కొచ్చావేంట్రా?"

కోఠీ నుంచి మోసుకొచ్చిన అట్టపెట్టె విప్పి, మడత తీసి హాల్లో నిలబెట్టిన రోలేటర్‌ని చూసి మా అమ్మమ్మ అన్న మొదటి మాట ఇది. నాలుగు చక్రాలు, రెండు హ్యాండిళ్ళు, సైకిలుకి ఉన్నట్టు బ్రేకు లీవర్లు, అలసిపోతే కూర్చోడానికి మధ్యలో ఒక సీటు, సీటు కింద సంచి. ఆవిడకి 82 ఏళ్ళు. తుంటి ఎముక ఆపరేషనై అప్పటికి నాలుగు నెలలు. నేను రెండు వారాలు రివ్యూలు చదివి, ఎక్సెల్ షీట్ వేసుకుని మరీ కొన్నాను. ఆవిడకి మాత్రం అందులో కనిపించింది ఏడాది పిల్లలకి నడక నేర్పే మూడు చక్రాల చెక్క బండి. తెనాలిలో మా పెద్దమామయ్య నుంచి నా వరకూ అందరం తోసుకుంటూ తిరిగిన బండి. "ఇంక ఉగ్గు కూడా పెట్టండి" అని లోపలికెళ్ళిపోయింది. ఎలా వెళ్ళిందంటే, ప్లాస్టిక్ కుర్చీ వీపు పట్టుకుని, దాన్ని నేల మీద గరగరమని తోసుకుంటూ.

నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. కానీ తర్వాత ఈ వస్తువు చరిత్ర వెతుక్కుంటూ పోతే, ఆవిడ అన్నది అక్షరాలా నిజమని తేలింది. చక్రాలున్న నడక బండి మొదట చిన్నపిల్లలదే. ముసలివాళ్ళ దగ్గరికి రావడానికి దానికి 500 ఏళ్ళు పట్టింది.

న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో 'అవర్స్ ఆఫ్ కేథరిన్ ఆఫ్ క్లీవ్స్' అనే ప్రార్థనల పుస్తకం ఉంది. 1440 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో చేత్తో రాసి, బొమ్మలు వేసి తయారుచేసినది. అందులో ఒక బొమ్మలో జోసెఫ్ చెక్క చిత్రిక పడుతుంటాడు, మేరీ మగ్గం దగ్గర ఉంటుంది, బాల యేసు చక్రాలున్న చెక్క చట్రంలో నిలబడి నడక నేర్చుకుంటుంటాడు. దేవుడి కొడుకైనా సరే, ముందు నడక బండే. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి హియరోనిమస్ బోష్ వేసిన, ఇప్పుడు వియన్నాలో ఉన్న ఒక చిత్రఫలకం వెనకవైపు కూడా ఇలాంటి బండి కనిపిస్తుంది. ఒక చేత్తో బండి, ఇంకో చేతిలో గాలిమర పట్టుకున్న బట్టల్లేని బుడతడు. ఈ బొమ్మల్ని ఫోన్లో పెద్దవి చేసి చూస్తుంటే నాకు తెనాలి ఇంటి వసారా గుర్తొచ్చింది. చట్రం, చక్రాలు, పట్టుకోడానికి ఒక కమ్మీ. ఇంతే కదా యంత్రం.

మరి అదే కాలంలో పెద్దవాళ్ళకి? చేతికర్ర, చంక కింద ఊతకర్ర, లేకపోతే పక్కవాడి భుజం. 20వ శతాబ్దం సగం దాకా దాదాపు ఇదే పరిస్థితి. ఇంగ్లండ్‌లోని స్ట్రెట్‌ఫర్డ్‌కి చెందిన విలియం క్రిబ్స్ రాబ్ 1949 ఆగస్టులో బ్రిటిష్ పేటెంట్ ఆఫీసులో 'వాకింగ్ ఎయిడ్' అనే పరికరానికి దరఖాస్తు పెట్టాడు. దానికి అమెరికన్ పేటెంట్ 1953లో వచ్చింది. చక్రాలు తగిలించిన రెండు రకాలకి 1957 మే నెలలో అమెరికాలో పేటెంట్లు దొరికాయి. 'వాకర్' అనే పేరుతో, చక్రాల్లేకుండా, సిన్సినాటీకి చెందిన ఎల్మర్ రీస్ 1965లో ఒకటి తెచ్చాడు. ఇప్పుడు మన ఆసుపత్రి వార్డుల్లో కనిపించే నాలుగు కాళ్ళ వాకర్‌ని పోలిన నమూనాకి 1970లో కాలిఫోర్నియా వాసి ఆల్ఫ్రెడ్ స్మిత్ పేటెంట్ తీసుకున్నాడు.

బాల యేసు బండి నుంచి 1957 దాకా లెక్కేస్తే 500 ఏళ్ళకి కాస్త పైనే. ఎందుకింత ఆలస్యం? కొన్ని కారణాలు మామూలివే. తేలికైన లోహపు గొట్టాలు, రబ్బరు టైర్లు, బేరింగులు చవకగా దొరకాలి. తుంటి విరిగాక కూడా బతికి లేచి నడిచే ముసలివాళ్ళు ఉండాలి, అంటే శస్త్రచికిత్స ఎదగాలి. ఒప్పుకుంటాను. కానీ నాకు తోచిన అసలు కారణం ఇంకోటి. నడక నేర్చుకునే పిల్లాడికి కావలసింది ముందుకు పోవడం. పడితే ఏడుస్తాడు, లేస్తాడు. 82 ఏళ్ళ మనిషికి కావలసింది ఆగగలగడం. పిల్లల బండికి చక్రం చాలు, పెద్దల బండికి బ్రేకు కావాలి. బ్రేకు లేని చక్రం ముసలివాళ్ళ పాలిట అరటి తొక్కతో సమానం.

సరే, బ్రేకు టెక్నాలజీ లేదా అంటే, అదీ ఉంది. తొడుగు లోపల తీగ జారే ఏర్పాటుకి ఎర్నెస్ట్ బౌడెన్ బ్రిటన్‌లో 1896లోనే పేటెంట్ తీసుకున్నాడు. సైకిలు బ్రేకుల్లో వాడేది అదే, మా హాల్లో నిలబడ్డ బండి హ్యాండిల్ నుంచి చక్రం దాకా దిగేదీ అదే. అంటే చట్రం ఉంది, చక్రం ఉంది, తీగ ఉంది. వీటన్నిటినీ తన ఒంటికి కావలసినట్టు కలిపి చూసుకునే మనిషి రావాలి.

ఆ మనిషి పేరు ఐనా వీఫాల్క్. స్వీడన్ దేశస్థురాలు, పుట్టింది 1928లో. నర్సు చదువుతుండగా 21 ఏళ్ళ వయసులో పోలియో వచ్చింది. చదువు ఆగిపోయింది. నర్సు కావలసిన మనిషి ఆసుపత్రిలోనే సామాజిక కార్యకర్తగా కుదురుకుంది, అంటే రోగుల ఇల్లూ వాకిలీ, డబ్బూ దస్కం, దిగులూ వినే ఉద్యోగం. 1960లలో 'మానుపెడ్' అని, చేతులకీ కాళ్ళకీ ఒకేసారి వ్యాయామం ఇచ్చే పరికరం ఒకటి రూపొందించింది. 1978లో రోలేటర్ ఆలోచనని పరిశ్రమలకి సాయం చేసే ఒక ప్రభుత్వ నిధి సంస్థ దగ్గరికి తీసుకెళ్తే, వాళ్ళు ఒక కంపెనీతో కలిపారు, నమూనా తయారైంది. పేటెంట్ మాత్రం ఆమె తీసుకోలేదు. 1983లో చనిపోయింది. అంటే తన బండి ప్రపంచమంతా తిరగడం ఆమె చూడలేదు.

ఊతకర్రల మీద ఏళ్ళ తరబడి నడిచేవాళ్ళకి భుజాలూ మణికట్లూ అరిగిపోతాయి. కాలు చేయాల్సిన పని చేతుల మీద పడుతుంది. నాలుగు కాళ్ళ వాకర్‌ది ఇంకో తలనొప్పి: ఎత్తు, ముందు పెట్టు, ఒక అడుగు, రెండో అడుగు, మళ్ళీ ఎత్తు. అది నడక కాదు, పదాల మధ్య ప్రతిసారీ ఫుల్‌స్టాప్ పెట్టి చదివినట్టుంటుంది. ముందు రెండు చక్రాలుంటే ఎత్తక్కర్లేదు, తోస్తే చాలు. వెనక కాళ్ళ రబ్బరు బుడిపెలు నేలకి రాసుకుని బండిని జారిపోనివ్వవు. నాలుగు చక్రాల బండితో వాక్యం మొత్తం ఆగకుండా చదవచ్చు. కానీ దానికి షరతు ఉంది. మనిషి దాని మీద పూర్తి బరువు వాలకూడదు. అది ఆసరా మాత్రమే, స్తంభం కాదు. వాలితే ముందుకు పరిగెడుతుంది, మనిషి వెనక మిగిలిపోతాడు.

ఇది నాకు షాపులో ఎవరూ చెప్పలేదు. ఆ కుర్రాడు చూపించింది రంగులు, మడత పెట్టే తీరు, ఎన్ని కిలోలు ఆపుతుందన్న అంకె. అసలు ప్రశ్న వేసింది ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి. "అమ్మమ్మగారు నడిచేటప్పుడు చేతుల మీద ఎంత బరువు వేస్తున్నారు, చూశారా?" చూడలేదు. నా ఎక్సెల్ షీట్‌లో 11 కాలమ్‌లు ఉన్నాయి, ఆ కాలమ్ లేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం 'యూజర్ రీసెర్చ్' అని వారానికోసారి మీటింగులు పెట్టుకుంటాం. వీఫాల్క్‌కి మీటింగు అక్కర్లేదు, కాళ్ళు ఆమెవే.

ఆ అమ్మాయే ఎత్తు సరిచేసింది. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు మడత ఎక్కడికొస్తుందో హ్యాండిల్ అక్కడ ఉండాలి, పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగాలి. నేను రెండు నొక్కులు ఎక్కువ పెట్టాను, వంగకుండా నడుస్తుందని. దానివల్ల భుజాలు చెవుల దాకా లేస్తాయిట.

ఇంక నేల సంగతి. బీటెక్ మొదటి ఏడాది మెకానిక్స్‌లో టిమొషెంకో పుస్తకం నుంచి ఒక లెక్క ఇచ్చేవారు. ఒక రోలరు, దాని ముందు ఒక గట్టు, ఎక్కించడానికి ఎంత బలం కావాలి? పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసినదాన్ని పన్నెండేళ్ళ తర్వాత మా బాల్కనీ గడప ముందు కూర్చుని మళ్ళీ చేశాను. గడప 2 సెంటీమీటర్లు. చక్రం వ్యాసం 20 సెంటీమీటర్లయితే, ఇరుసు దగ్గర నేలకి సమాంతరంగా తోసే బలం ఆ చక్రం మీదున్న బరువులో ముప్పావు వంతు కావాలి. వ్యాసం 12.5 సెంటీమీటర్లయితే బరువుకంటే ఎక్కువే కావాలి. రెండు సెంటీమీటర్ల గడప! మనం దానికి పసుపు రాస్తాం, బొట్లు పెడతాం, ఆవిడ చక్రానికి అది కొండ. షాపులో చిన్న చక్రాల మోడల్ ముచ్చటగా ఉంది, 1200 తక్కువ కూడా. పెద్ద చక్రాలది కొన్నందుకు నా షీట్‌కి ఒక్క మార్కు ఇచ్చుకున్నాను.

వీఫాల్క్ బండి పుట్టిన చోట నేల వేరు. 1960ల నుంచే స్వీడన్ కట్టడాల నిబంధనల్లోకి వికలాంగుల రాకపోకల ప్రస్తావన వచ్చింది. అక్కడ రోలేటర్ ఎవరికి వాళ్ళు షాపుకెళ్ళి రంగు చూసి కొనుక్కునే వస్తువుగా కాకుండా, థెరపిస్ట్ చూసి, కొలిచి, రాసిస్తే ప్రాంతీయ ప్రభుత్వం ద్వారా అందే వస్తువుగా ఎదిగింది. ఫుట్‌పాత్, లిఫ్టు, బస్సు గుమ్మం, కొలిచే మనిషి, ఇవన్నీ కలిస్తే రోలేటర్. మనం అట్టపెట్టెలో తెచ్చుకునేది అందులో ఒక్క ముక్క.

మన దగ్గర ఏమీ జరగలేదని కాదు. కృత్రిమ అవయవాల తయారీకి కాన్పూర్‌లో అలింకో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1972 నుంచి ఉంది. పేద వృద్ధులకి ఊతకర్రలు, వాకర్లు, ట్రైపాడ్‌లు, వీల్‌చైర్‌లు, వినికిడి యంత్రాలు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మొదలైంది మన నెల్లూరులోనే. ఇది చదివినప్పుడు నాకు సంతోషమే కలిగింది. కానీ శిబిరంలో వాకర్ చేతికందిన ముసలాయన ఏ వీధిలోకి వెళ్తాడు? మా వీధి చివర మ్యాన్‌హోల్ మూత రోడ్డుకంటే నాలుగు అంగుళాలు పైకి ఉంటుంది. దానికి లెక్క కూడా చెయ్యలేదు. గట్టు ఎత్తు చక్రం వ్యాసార్ధానికి సమానమైతే జవాబు అనంతం అని టిమొషెంకో చదివినవాళ్ళకి తెలుసు.

చివరికి మమ్మల్ని ఓడించింది మ్యాన్‌హోల్ కాదు, బాత్రూమ్ తలుపు. తలుపు తెరిస్తే దొరికే ఖాళీ 24 అంగుళాలు, బండి వెడల్పు 25. పడ్డవాళ్ళలో చాలామంది ఎక్కడ పడతారో తెలిసీ ఆ ఒక్క కొలతా తీసుకోకుండా కొన్నాను. అమ్మ ఏమీ అనలేదు, అదే బాధ. మర్నాడు మళ్ళీ కోఠీ వెళ్ళి, ముందు రెండు చక్రాలున్న సన్నటి వాకర్ తెచ్చాను, 22 అంగుళాలది. ఫిజియో అమ్మాయి దాన్ని చూసి, "మొదటి రోజు నేను చెప్పేది ఇదే" అంది.

ఆ వారం అమ్మమ్మ కుర్చీని గమనించడం మొదలుపెట్టాను. నాకు నిజంగా నవ్వొచ్చింది. నాలుగు ప్లాస్టిక్ కాళ్ళు నేలకి రాసుకుంటాయి, కాబట్టి బ్రేకు దానంతటదే ఉంది. అలసిపోతే కూర్చోవచ్చు, కాబట్టి సీటుంది. సీటు మీద మందుల డబ్బా, కళ్ళజోడు, ఫోను పెట్టుకుంటుంది, కాబట్టి సంచి ఉంది. వీపు ఎత్తు కాస్త తక్కువ, తడి నేల మీద జారుతుంది, అందుకే ఫిజియో అమ్మాయి దానిమీద కోప్పడుతుంది. మిగతా డిజైనంతా ఆవిడ ఎవర్నీ అడక్కుండా పూర్తి చేసుకుంది.

"ఎప్పట్నుంచి ఇలా తోస్తున్నావ్?" అని అడిగాను.

"కాలు విరక్కముందు నుంచే. మీకు చెప్తే డాక్టరు దగ్గరికంటారని చెప్పలా."

అంటే ఏడాది నుంచి ఆవిడ పడకుండా ఉండటానికి ఒక పరికరం వాడుతోంది, అదే ఇంట్లో ఉన్న మేమెవరం దాన్ని పరికరం అనుకోలేదు. కుర్చీ ఎందుకు ఎప్పుడూ దారికడ్డంగా ఉంటుందని విసుక్కున్నది నేనే. విసుక్కున్నప్పుడల్లా దాన్ని తీసి గోడవారగా పెట్టిందీ నేనే. ఆవిడ పడ్డ రోజు అది ఎక్కడుందో నాకు గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవాలని కూడా లేదు.

ఇప్పుడు ఇంట్లో రెండు చక్రాలది, సాయంత్రం లిఫ్టు దగ్గరి కారిడార్లో నాలుగు చక్రాలది. రోలేటర్ సీటు మీద కూర్చుని పక్క ఫ్లాటు ఆవిడతో చిక్కుడుకాయలు ఒలుస్తుంది. ఆ ఫ్లాటు పిల్లాడికి పది నెలలు. వాడు కిందనుంచి చక్రం పట్టుకుని లేచి నిలబడబోతుంటే, అమ్మమ్మ రెండు లీవర్లూ కిందికి నొక్కి బ్రేకు లాక్ చేస్తుంది. అలా లాక్ చెయ్యాలని నేను ఆవిడకి నేర్పినట్టు లేదు.

కుర్చీ మాత్రం ఎవర్నీ తియ్యనివ్వదు.