హేతుబద్ధత పరిమితులు

మనిషి నడవడికను, మనశ్శాంతిని తర్కం ఒక్కటే నిలబెట్టగలదా అన్న చర్చ తత్త్వశాస్త్రంలో మొదలై, ఆర్థికశాస్త్రం మీదుగా నాడీశాస్త్రం దాకా సాగింది. బుద్ధి తనంతట తాను మనిషిని ఏ పనికీ పురికొల్పలేదని, ఆ ప్రేరణ రాగద్వేషాల నుంచే వస్తుందని తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లోనే వాదించాడు.

ఆ వాదానికి మరో తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ జీవితమే సాక్ష్యం. బ్రిటిష్ ఇండియా చరిత్ర రాసిన జేమ్స్ మిల్ తన కొడుక్కి మూడో ఏటే గ్రీకు మొదలుపెట్టించి, తర్కం, అర్థశాస్త్రం ఇంట్లోనే నేర్పాడు. అనుభూతులకు ఆ చదువులో చోటు లేదు. 1826లో, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ఇరవై ఏళ్ల మిల్, తాను కోరే సంస్కరణలన్నీ ఈ క్షణమే నెరవేరితే తనకు సంతోషం కలుగుతుందా అని ప్రశ్నించుకున్నాడు. కలగదని మనసు చెప్పింది. నెలల తరబడి దిగులు వదల్లేదు. ఫ్రెంచి రచయిత మార్మొంటెల్ స్మృతుల్లో తండ్రి మరణ ఘట్టం చదివి కన్నీళ్లు పెట్టుకున్నాక కాస్త తేరుకున్నాడు. 1828లో వర్డ్స్‌వర్త్ కవిత్వం ఊరటనిచ్చింది. విశ్లేషణే అలవాటైతే అనుభూతి అరిగిపోతుందని, దాన్నీ పెంచి పోషించుకోవాలని 1873లో వెలువడిన ఆత్మకథలో రాశాడు. తర్కాన్ని మాత్రం వదులుకోలేదు.

అర్థశాస్త్రంలో హెర్బర్ట్ సైమన్ 1950ల్లో మరో పరిమితి చూపాడు: సమయం, సమాచారం, లెక్కగట్టే శక్తి చాలవు కనుక మనిషి అన్నిటికన్నా మేలైనదాన్ని వెతకడు, సరిపోయేది దొరికితే ఆగిపోతాడు. ఆయనకు 1978లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. లాభం ఇచ్చే ఆనందం కన్నా అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువని మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించారు.

అన్నిటికన్నా కలవరపెట్టే ఆధారం రోగుల నుంచి వచ్చింది. నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో 1994 నాటి పుస్తకంలో ఎలియట్ అనే మారుపేరుతో ఒక రోగిని పరిచయం చేశాడు. మెదడులో కణితి తీశాక అతని తెలివితేటలు, జ్ఞాపకశక్తి పరీక్షల్లో చెక్కుచెదరలేదు, స్పందనలే మొద్దుబారాయి. కాగితాలను ఏ పద్ధతిలో సర్దాలో తేల్చుకోలేక ఒక పూటంతా గడిపేవాడు. ఉద్యోగం పోయింది, వ్యాపారం దివాలా తీసింది, కాపురం చెదిరింది.

అయోవాలో డమాసియో బృందం నాలుగు పేక కట్టలతో చేసిన ప్రయోగంలో, అలాంటి మెదడు గాయమున్న కొందరు ఏ కట్ట నష్టపెడుతుందో తెలిసి కూడా దాన్నే ఎంచుకున్నారు. ఆరోగ్యవంతులు మాత్రం కారణం చెప్పలేని దశలోనే చెడ్డ కట్టలకు దూరం జరిగారని 1997లో ప్రకటించారు. 2004లో మాయా, మెక్లెలాండ్ అనే పరిశోధకులు దీన్ని సవాలు చేశారు: సూటిగా అడిగితే ఆటగాళ్లకు చాలావరకు ముందే తెలుసని తేలింది. ఇలా తర్కం కన్నా ముందే దేహం హెచ్చరిస్తుందన్న డమాసియో సిద్ధాంతంపై వాదం ఇంకా ముగియలేదు.