అనుశయం నుంచి వారంటీ దాకా

2006 మే నెలాఖరు. రోహిణీకార్తె ఎండలు. బందరులో మా గురువుగారి సహస్రచంద్రదర్శన మహోత్సవం. ఉభయభాషాప్రవీణ చదివే రోజుల్లో మాకు వ్యాకరణం చెప్పి, తీరిక వేళల్లో ధర్మశాస్త్రం కూడా రుచి చూపించిన పెద్దమనిషి ఆయన. శిష్యులమందరం కలిసి ఒక కల్యాణమండపం మాట్లాడాము. ఛాయాచిత్రాలు తీసే బాధ్యత నా మీద పడింది. అందుకు కారణం నా నైపుణ్యం కాదు. మా తమ్ముడు 2003లో అమెరికా నుంచి తెచ్చి ఇచ్చిన డిజిటల్ కెమెరా ఆనాడు మా బృందంలో నా ఒక్కడి దగ్గరే ఉండటం.

పొద్దున్న ఎనిమిది దాకా కెమెరా చక్కగా పనిచేసింది. పది దాటాక, ఉక్కపోతకు మండపంలో జనమంతా విసనకర్రలు అందుకొన్న వేళ, సరిగ్గా గురువుగారిని పీటల మీద కూర్చోబెట్టి శాలువ కప్పుతుండగా, కెమెరా వెనుక తెర మీద ఊదారంగు చారలు పరచుకొన్నాయి. మనిషి ఆకారం కదిలే నీటిలో నీడలాగా వంకరలు పోయింది. బ్యాటరీలు మార్చాను. ఆపి మళ్ళీ వెలిగించాను. చారలు పోలేదు. అయినా బొమ్మలో ఏదో ఒకటి పడుతుందన్న ఆశతో నొక్కుతూనే ఉన్నాను.

మర్నాడు విజయవాడలో ఒక మరమ్మతు దుకాణానికి వెళ్ళాను. అతడు కెమెరాను అటూ ఇటూ తిప్పి "లోపలికి నీళ్ళు పోయినట్టున్నాయండీ" అన్నాడు. పోలేదన్నాను. "వారంటీ ఏడాదేనండీ, మీకు మూడేళ్ళయింది. పైగా ఇక్కడ కొన్నది కాదు" అన్నాడు. బాగుచేయడానికి అతడు చెప్పిన వెలకు మరికొంత కలిపితే కొత్తదే వస్తుంది. తిరుగుదారిలో బందరులో దిగి గురువుగారికి జరిగింది చెప్పుకొని క్షమాపణ అడిగాను. ఆయన నవ్వి "అనుశయకాలం దాటిపోయిందన్నమాట నీకు" అన్నారు.

ఆ ఒక్క మాట నన్ను చాలా దూరం తీసుకుపోయింది.

అనుశయమంటే పశ్చాత్తాపం. కొన్నవాడికో అమ్మినవాడికో బేరం ముగిశాక మనసు మారితే వచ్చే వివాదాన్ని మన స్మృతికారులు క్రయవిక్రయానుశయం అన్నారు. మనువు చెప్పిన పద్ధెనిమిది వ్యవహారపదాల్లో ఇది ఒకటి. అతడు ఇచ్చిన గడువు పది రోజులు. యాజ్ఞవల్క్యుడు అంత గుండుగుత్తగా చెప్పలేదు. వస్తువును బట్టి పరీక్షాకాలం విడివిడిగా పెట్టాడు. విత్తనాలకు 10 రోజులు, ఇనుముకు 1 రోజు, బరువు మోసే పశువుకు 5, రత్నాలకు 7, పాడిపశువుకు 3. దాసికి నెల, దాసుడికి అర్ధమాసం అని కూడా ఉంది. ఆనాటి లోకరీతి అది, మనం సిగ్గుపడి దాచినంత మాత్రాన మాసిపోదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరావ్యాఖ్యనే 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగు చేశాడు. కనుక ఈ సంగతులు తెలుగువాడి చెవిన పడి ఏడువందల ఏళ్ళు దాటింది.

ఈ గడువుల్లో ఉన్న లోకజ్ఞానం నన్ను ఎప్పుడూ ఆకట్టుకొంటుంది. విత్తనం మొలకెత్తేదీ లేనిదీ తేలాలంటే పది రోజులైనా కావాలి. ఇనుము సంగతి కొలిమిలో పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే ఆ పూటే బయటపడుతుంది. గేదె పాలు మూడు రోజులు పితికి చూస్తే చాలు. అంటే గడువు వస్తువు స్వభావంలో నుంచి పుట్టింది. కౌటిల్యుడు ఇంకో దారి పట్టాడు. అతడి గడువు మనిషి వృత్తిలో నుంచి పుట్టింది: వర్తకులకు ఒక్క రాత్రి, సేద్యగాళ్ళకు మూడు రాత్రులు, పశుపాలకులకు ఐదు. రోజూ సరుకు చూసే వర్తకుడికి ఒక రాత్రి చాలు, రైతుకు చాలదు. మరి నా కెమెరా పెట్టెలో దొరికిన చిన్న కాగితం మీద ఉన్న 'ఒక సంవత్సరం' ఎక్కడి నుంచి పుట్టింది? వస్తువు స్వభావం నుంచీ కాదు, కొన్నవాడి తెలివి నుంచీ కాదు. అమ్మేవాడు అంతవరకు పూచీపడగలనని తన లెక్కలు తాను చూసుకొని వేసుకొన్న అంకె అది.

నారదస్మృతి ఇంకొంచెం గట్టి పట్టు పట్టింది. కొన్న సరుకు నచ్చకపోతే అదే రోజు చెడకుండా తిరిగి ఇచ్చేయవచ్చు. రెండో రోజు ఇస్తే వెలలో ముప్పయ్యో వంతు వదులుకోవాలి. మూడో రోజైతే దానికి రెట్టింపు. ఆ తరువాత సరుకు కొన్నవాడిదే. ఇంతవరకు విజయవాడ దుకాణదారు మాటే. కాని అదే నారదుడు మరో మాట అన్నాడు: మంచి సరుకు చూపించి దోషమున్న సరుకు అంటగట్టినవాడు వెలకు రెట్టింపు కొన్నవాడికి ఇచ్చుకోవాలి, అంతే మొత్తం దండుగ కట్టాలి. ఈ మాటలో దినాల లెక్క కనిపించదు. మనసు మారడానికి గడువుంది, మోసానికి లేదు.

నా కెమెరా ఈ రెండు కోవల్లోనూ ఇమడలేదు. నా మనసు మారలేదు. అమ్మినవాడు మోసం చేయలేదు. దోషం ఉందని అతడికే తెలియదు.

ఇక్కడ మన పండితవృత్తికి దగ్గరైన చిన్న ముచ్చట ఒకటి. వారంటీ, గ్యారంటీ అని మనం రెండు మాటలు వాడతాము గాని అవి ఒక తల్లి బిడ్డలే. ప్రాచీన జర్మానిక్ మాట ఒకటి ఫ్రెంచిలోకి వెళ్ళింది. ఉత్తరాది నార్మన్లు దాని మొదటి వకారాన్ని నిలుపుకొన్నారు. మధ్య ఫ్రాన్సువారు దాన్ని గకారం చేశారు. ఇంగ్లీషు రెండు చోట్లా అప్పు తెచ్చుకొంది. వార్డు, గార్డు, వార్డెను, గార్డియను – అన్నీ ఇదే తంతు. మనకు శ్రీ, సిరి పక్కపక్కన బతకడం లేదూ! అర్థం మాత్రం పూచీ, కాపుదల. మరమ్మతు అన్న అర్థం ఆ మాటలో ఎక్కడా లేదు.

ఇక అసలు కథకు వస్తాను. నా పూర్వవిద్యార్థి ఒకడు అప్పటికి హైదరాబాదులో ఇంజనీరు. చారల సంగతి ఫోనులో చెప్పగానే "మాస్టారూ, పాత ఫొటోలు తెర మీద బాగానే కనబడుతున్నాయా?" అని అడిగాడు. కనబడుతున్నాయన్నాను. "అయితే తెర బాగుంది, లోపలి సెన్సరు పోయింది. డబ్బు కట్టకండి" అన్నాడు. ఆ తరువాత అంతర్జాలంలో నాకు చూపించిన ప్రకటనలు 2005 అక్టోబరు నాటివి. అంటే మా ఉత్సవానికి ఏడు నెలల ముందే లోకానికి తెలిసిన సంగతి. నాకూ తెలియదు, విజయవాడ దుకాణదారుకూ తెలియదు. అతన్ని నేను తప్పుపట్టను. ఫిల్ము కెమెరాలో షట్టరు పట్టేస్తే విప్పి చూసినవాడికి కంటికి కనిపిస్తుంది. ఈ కొత్త కెమెరాలో రోగం చిప్పులో ఉంటుంది, విప్పినా కనబడదు.

సీసీడీ అనే ఆ చిప్పును 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. అందుకు 2009లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. 2000 తరువాత ఇళ్ళల్లోకి వచ్చిన చిన్న కెమెరాలకు ఆ చిప్పులను పెద్దఎత్తున తయారుచేసినది సోనీ. తన కెమెరాలకే కాదు, పోటీదారులకు కూడా అమ్మింది. 2002–2004 నడుమ తయారైన కొన్నింటిలో, చిప్పును బయటి ప్రపంచంతో కలిపే సన్నని తీగెల అతుకులు వేడికీ తేమకూ విడిపోసాగాయి. బొమ్మ వంకరలు పోవడం, రంగు మారడం, అసలు పడకపోవడం – అన్నిటికీ మూలం అదే. సోనీతోబాటు కెనాన్, నికాన్, ఫూజీఫిల్మ్, ఒలింపస్, కోనికా మినోల్టా, రికో వంటి సంస్థలు తమతమ కెమెరాల పేర్ల జాబితాలు ప్రకటించాయి. కెనాన్ పవర్‌షాట్ ఏ70 ఆ జాబితాలో ఉన్న ప్రసిద్ధమైన కెమెరా. వారంటీ గడువుతో నిమిత్తం లేకుండా ఈ దోషాన్ని ఉచితంగా సరిచేస్తామన్నది ఆ ప్రకటనల సారాంశం.

వేడి, తేమ! రోహిణీకార్తెలో బందరు కంటె ఆ రెంటికీ మంచి కాపురం ఏముంది? చల్లని దేశంలో ఆ అతుకు ఇంకొన్నాళ్ళు ఆగేదేమో. సెన్సరు పుట్టినప్పుడే ఉన్న దోషం మా సముద్రపుగాలికి బయటపడింది.

ఈ కథలో విచిత్రమైన మలుపు కోనికా మినోల్టాది. ఆ సంస్థ 2006 జనవరిలో కెమెరాల వ్యాపారం నుంచే తప్పుకొంటున్నట్టు ప్రకటించింది. ఏప్రిల్ నుంచి దాని కెమెరాల సేవాబాధ్యత సోనీ చేతికి వచ్చింది. చెడిన సెన్సరు అమ్మినవారే, ఆ సెన్సరు వల్ల చెడిన పోటీదారు కెమెరాలను బాగుచేయవలసి వచ్చింది. నారదుడు వింటే సంతోషించేవాడు.

చట్టం మాటేమిటని అడుగుతారు. మన వస్తువిక్రయ చట్టం 1930 నాటిది. కొనేవాడే జాగ్రత్తపడాలన్నది దానిలో మూలసూత్రం, మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ఒకటి నాకు నచ్చుతుంది. కొన్నవాడు సరుకును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో తేలవలసిన లోపాలకు మాత్రమే అమ్మినవాడి పూచీ పోతుంది. పరీక్షకు అందని లోపానికి పోదు. యాజ్ఞవల్క్యుడి పరీక్షాకాలానికి ఇది దగ్గరి చుట్టం. 1986 నాటి వినియోగదారుల చట్టం జిల్లాకొక వేదిక ఇచ్చింది, వకీలు లేకుండా వెళ్ళే వీలిచ్చింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. కొన్న రోజు నుంచా, దోషం బయటపడ్డ రోజు నుంచా అన్నది నాబోటివాడు అక్కడ వాదించుకోవలసిన సంగతి. 2020 జులైలో అమలులోకి వచ్చిన 2019 చట్టం వస్తువు వల్ల కలిగే హానికి తయారీదారును నేరుగా బాధ్యుణ్ణి చేసింది. అయితే చెడిపోయిన వస్తువుకే కలిగిన నష్టం ఆ 'హాని'లో చేరదు. కెమెరా పేలి చేయి కాలితే ఆ అధ్యాయం పలుకుతుంది. కెమెరా గుడ్డిదైతే మళ్ళీ పాత పద్ధతిలో లోపమున్న సరుకని ఫిర్యాదు చేసుకోవలసిందే.

2005లో ఆ సంస్థలు గడువు తీసి పక్కన పెట్టడం ధర్మబుద్ధి వల్లనా, పేరు పోతుందన్న భయం వల్లనా అని మా శిష్యబృందంలో వాదులాట జరిగింది. రెండూ కావచ్చునని నా అభిప్రాయం. ఒకే దోషం ఇన్ని సంస్థల సరుకులో ఒకేసారి బయటపడకపోతే, నీళ్ళు పోయాయన్న మాట దగ్గరే ఎందరి కథ ఆగిపోయేదో! విడిగా ఒక్కొక్కరం వెళితే మన మాట నమ్మరు. అందరికీ వచ్చిన రోగమని తెలిస్తేనే అది రోగం అనిపించుకొంటుంది.

జూన్ మొదట్లో హైదరాబాదు సేవాకేంద్రానికి కెమెరా పంపాను. కొన్న రసీదు లేదు, ఈ దేశంలో కొన్నది కాదు. నా విద్యార్థి స్వయంగా వెళ్ళి క్రమసంఖ్య చూపించి, జాబితా కాగితం బల్ల మీద పెట్టాడు. మొదటిసారి కాదన్నారు. రెండోసారి పైవారిని అడిగి పుచ్చుకొన్నారు. ఆరు వారాలకు కొత్త సెన్సరుతో తిరిగి వచ్చింది. పైసా తీసుకోలేదు. 2011 దాకా పనిచేసింది.

అది తిరిగి వచ్చేసరికి శ్రావణం. గురువుగారు ఆషాఢంలోనే పోయారు. బాగైన కెమెరాతో బందరు వెళ్ళి ఆయన్ని సవ్యంగా ఒక ఫొటో తీయాలన్నది నా సంకల్పం. అది సంకల్పంగానే మిగిలింది.

శాలువ కప్పుతున్నప్పటి బొమ్మలు పదిహేడు ఉన్నాయి. నేను చెరపలేదు. ఒకదానిలో ఊదాచారల నడుమ శాలువ జరీ అంచు, ఆయన కుడిచేయి పోల్చుకోవచ్చు. ఇంకొకటి మంచి ఫొటో. అది సభకు ముందు, ఏడున్నరకు తీసింది. వాళ్ళ అరుగు మీద కూర్చుని కాఫీ ఆరబోసుకొంటున్నారు. కెమెరా వైపు చూడటం లేదు. మొన్న మనవరాలు దాన్ని తన సెల్‌ఫోనులోకి ఎక్కించుకొని "తాతయ్యా, ఈయనెవరు?" అని అడిగింది. చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది.