గాలిని ఎవరి కోసం కొలిచారు?

మన దేశంలో పనిచోట విషవాయువును కొలిచిన చరిత్ర బొగ్గు గనుల్లో, ఫ్యాక్టరీల్లో కనిపిస్తుంది. వీధి మాన్‌హోల్ దగ్గరికి వచ్చేసరికి ఆ చరిత్ర ఆగిపోతుంది. ఈ ఆలస్యం సైన్సుది కాదు, కులానిది.

మురుగు కుళ్ళినచోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. పది లక్షల పాళ్ళ గాలిలో 100 పాళ్ళు దాటితే ముక్కు మొద్దుబారుతుంది. వాసన లేదు గదా అని దిగినోడు అక్కడే కూలిపోతాడు. ఇది గాలికన్నా బరువు, అడుగున నిలుస్తుంది. బురద కెలికితే ఒక్కసారిగా లేస్తుంది. 2015 నవంబరులో కోళికోడ్‌లో ఆంధ్ర నుంచి వెళ్ళిన ఇద్దరు కార్మికులతోపాటు, వాళ్ళను కాపాడబోయిన ఆటో డ్రైవరూ మాన్‌హోల్‌లో చనిపోయాడు.

అందుకే ముక్కును నమ్మలేం, కొలవాల్సిందే. పరికరం లేని మనోళ్ళు మూత తీసి కాసేపు ఆగారు. అగ్గిపుల్ల గీసి చూశారు. బొద్దింకలు బతికున్నాయా అని చూశారు. ఇది మూఢత్వం కాదు, దిక్కులేనోళ్ళు చేసుకున్న గాలి పరీక్ష. మీథేన్ ఉంటే ఆ అగ్గిపుల్లే ప్రాణం తీస్తుంది.

ప్రభుత్వానికి ఇది తెలియదా? 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ చదవండి. విషవాయువు ఉండే ట్యాంకులోకి, గుంతలోకి మనిషి దిగాలంటే, అర్హుడైనవాడు స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలంది. లేదంటే శ్వాస పరికరం, తాడు కట్టిన బెల్టు ఉండాలంది. 1984 భోపాల్ తర్వాత 1987లో ఆ చట్టాన్ని సవరించి, ఏ రసాయనం ఎంత మోతాదు దాటకూడదో పట్టిక చేర్చారు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఎనిమిది గంటల సగటు హద్దు పది లక్షలకు 10 పాళ్ళు. అదే ఏడు భారత ప్రమాణాల సంస్థ మురుగు కాలువల్లోకి దిగేవారి భద్రతకు నియమావళి అచ్చేసింది. తడిపిన లెడ్ అసిటేట్ కాగితం ఈ గ్యాసు తగిలితే నల్లబడుతుంది. అంత చౌక పరీక్ష కూడా మాన్‌హోల్ దగ్గర తప్పనిసరి కాలేదు.

గ్యాసు ఒక్కటే, గుంతలే రెండు. ఫ్యాక్టరీ గుంతలో దిగేవాడు చట్టానికి కార్మికుడు. వీధి గుంతలో దిగేవాడు కులవృత్తి చేసేవాడు. పాకీ పనిని నిషేధించిన 1993 చట్టం కూడా పొడి మరుగుదొడ్లనే చూసింది, మురుగు కాలువను చూడలేదు.

కోలారు గనుల తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరులు కట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013 చట్టం కాలువల్లో ప్రమాదకరమైన శుభ్రతను నిషేధించింది. దాని నిబంధనల జాబితాలో నాలుగు వాయువులను కొలిచే మీటరు చేరింది. 1948కీ 2013కీ మధ్య 65 ఏళ్ళు! కాలువ చావులకు 2014లో కోర్టు 10 లక్షల పరిహారం చెప్పింది, 2023లో 30 లక్షలు చేసింది.

అయితే రక్షణ పరికరాలుంటే మనిషిని దింపొచ్చనే సందు 2013 చట్టంలోనే ఉంది. మీటరు మనల్ని గుంతలోకి తోసే లైసెన్సు కాకూడదు. యంత్రం దిగాలి, మనిషి దిగకూడదు. అది సాధించేదాకా, చావు జరిగిన ప్రతిచోటా పరిహారం మాటకన్నా ముందు మనం అడగాల్సింది ఒకటుంది: దిగేముందు గాలి కొలిచిందెవరు? వాళ్ళు సంతకం పెట్టిన కాగితం ఏది?